పేపరు మీద మిగిలిన ప్లేటు

మా కారు మా ఇంటికి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇంతకాలంలో మా ఆయన దాని వెనక సీట్లో కూర్చున్నది లేదు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయాక స్టీరింగు నా చేతికి వచ్చింది, ఆయన నా పక్క సీటుకు మారాడు. పక్కన కూర్చున్నవాడు ఊరికే కూర్చుంటాడా? ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నేను బ్రేకు తొక్కేలోపే తన కాలు నేలకేసి తొక్కేవాడు. "క్లచ్చు", "గేరు", "అద్దం సూడు". యాభై రెండేళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకొని, గుండె గుప్పిట్లో పెట్టుకొని నడుపుతుంటే పైన ఈ పాఠాలొకటి. ఒకరోజు మల్లాపూర్ నుంచి వస్తూ కారును రోడ్డు పక్కన ఆపేశాను.

"వెనక కూసో. లేకుంటే నువ్వే తోలుకో," అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. తోలుకోగలిగితే నాకెందుకు ఇస్తాడు? ఆయన మాత్రం ఎడమ చేత్తో తలుపు తీసుకొని, మెల్లగా దిగి, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. రేడియో పెట్టుకొని నాచారం దాటాను.

"జర ఆ రేడియో బంద్ చెయ్యి," అన్నాడు ఉన్నట్టుండి.

"ఇప్పుడు పాటలు గూడ వద్దా?"

"ఇనబడ్తలేదా నీకు? ఎడమ దిక్కు వెనక చక్రం. ఎన్ని దినాల సంది మూలుగుతుందో, ముందట కూసుంటే తెలుస్తలేదు."

రేడియో ఆపి విన్నాను. నిజమే, దూరంగా ఎవరో కుట్టుమిషను మోటారు ఆపడం మరిచిపోయినట్టు గుయ్యిమని ఒక చప్పుడు. వేగం పెంచితే పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. ఇంటికి వచ్చాక చక్రం లోపలి వైపు చూడమన్నాడు. వంగి చూస్తే నల్లటి నూనె చారలు.

"బేరింగు పోయింది, సీలు గూడ పోయింది," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం ఏడాదిలో మొదటిసారి వెలగడం నేను చూశాను. బండి చెడిపోయిందని సంబరపడే మనిషిని కట్టుకున్నాను మరి.

ఆయన పని అది. నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు లారీల యాక్సిళ్లు విప్పి బిగించిన ఫిట్టరు. యాక్సిల్ అంటే ఇంజను బలాన్ని చక్రానికి మోసుకుపోయే ఇనుప కడ్డీ. దాని చివర తేలిగ్గా తిరగడానికి బేరింగు, లోపలి నూనె బయటికి కారకుండా రబ్బరు సీలు. మా పాత కారు కూడా లారీలాగే వెనక చక్రాలతో నడిచే రకం కాబట్టి, దాని కడుపులో ఏముందో ఆయనకు నా కడుపులో ఏముందో అన్నదానికంటే బాగా తెలుసు.

పక్షవాతం ఆయన మాటను తీసుకుపోలేదు. ఆలోచనను కూడా తీసుకుపోలేదని దవాఖానాలో చెప్పారు. కానీ చూడడానికి వచ్చినవాళ్లంతా ఆయనతో గట్టిగా, ఒక్కొక్క మాట విడదీసి మాట్లాడేవారు. ఎవరి పేరయినా ఒక క్షణం ఆలస్యంగా గుర్తొస్తే చాలు, ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆయన అది గమనించేవాడు. గమనించి, పేర్లు పలకడమే మానేశాడు. చేయి పోయినందుకు కాదు, తల కూడా పోయిందేమోనన్న అనుమానానికి ఆయన కుంగిపోయాడు.

కారు మూలిగిన వారంలోనే ఒకప్పుడు ఆయన కింద పని నేర్చుకున్న మనిషి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు నాచారంలో అతనికే సొంత షెడ్డు ఉంది, అక్కడ యాక్సిళ్ల పనే చేస్తారు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అసలు సంగతి చెప్పాడు.

"అన్నా, నీకు కుర్చీ ఏస్త. నువ్వు చెయ్యి పెట్టకు. కూసోని జెప్తే సాలు, నా దగ్గర ఆరుగురున్నరు, వాళ్లు చేస్తరు. నీ అసొంటోడు ఇంట్ల కూసుంటే మాకే నష్టం. వచ్చే సోమారం దాక ఆలోచించు."

మా ఆయన "సూద్దాం" అన్నాడు. అతను నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు వదినా," అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నాకు ఆయన పోవడం ఇష్టం లేదు. ఇది ఇక్కడే చెప్పేయాలి. మొదటిసారి ఆయన పడిపోయిన రోజు నేను పక్క గదిలో జాకెట్లకు హుక్కులు కుడుతున్నాను కాబట్టి సరిపోయింది. షెడ్డులో రేకుల కింద, ఆ వేడిలో, ఆ మోతలో మళ్లీ పడిపోతే ఎవరు చూస్తారు? ఇంట్లో ఉంటే నా కళ్లముందు ఉంటాడు, సణుగుతూ ఉన్నా సరే.

మరునాడు పొద్దున ఆయన తన నిర్ణయం చెప్పాడు. కారు బేరింగులు, సీళ్లు ఇంట్లోనే మారుస్తాం. చేసేది నేను. చెప్పేది ఆయన.

"నీకేమన్న పిచ్చా? నేను జాకెట్లు కుట్టేదాన్ని."

"అందుకే. నీకు ఏం రాదు. ఏం రాని మనిషితోని, నోటితోని చెప్పి, ఈ పని చేపిస్తే నాచారంల ఆరుగురికి చెప్పగలుగుత. చేపియ్యలేకపోతే పోను. ఇంట్ల కూసుంట."

ఇలా మా ఇంటి ముందు షాబాద్ బండల మీద ఒక పరీక్ష మొదలయింది. ఆయన గెలిస్తే నాచారం, ఓడితే ఇల్లు. పరీక్ష రాసే చెయ్యి మాత్రం నాది.

ఆయన ఒకే ఒక షరతు పెట్టాడు. "నేను చెప్పింది జెయ్యి. ఎందుకు, ఏంది అని అడగకు. పనిల అడ్డం మాట్లాడితే నాకు తప్పిపోతది." ముప్పై ఏళ్లలో నేను ఆయన మాటకు అడ్డం రాని రోజు లేదు. అయినా ఒట్టు పెట్టాను.

గురువారం పొద్దున టిఫిన్లు అయ్యాక దిగాం. ఆయన గడప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, పడిపోయిన చేతిని ఒళ్లో పెట్టుకొని. నేను పాత పంజాబీ డ్రెస్సులో, కొంగు గొడవ లేకుండా. సామాన్లన్నీ నేనే తెచ్చాను. రెండు చక్రాలకూ సరిపడా కొత్త బేరింగులు, రింగులు, సీళ్లు దుకాణంలో కొన్నాను, వెల్డింగు షాపు నుంచి ఇనుము కోసే గ్రైండరు అడిగి తెచ్చాను.

"ముందటి చక్రాలకు ఇటుకలు పెట్టు. నట్లు లూజ్ చెయ్యి, జాకీ తర్వాత. బండ పలుగుతది, జాకీ కింద చెక్క పెట్టు. హ్యాండు బ్రేకు దించు, లేకుంటే డ్రమ్ము రాదు."

చెప్పడం బాగానే చెప్తున్నాడు. నేను చేయడం బాగానే చేస్తున్నాను. కారు లేచింది, చక్రం వచ్చింది, దాని వెనక ఇనుప డ్రమ్ము వచ్చింది. లోపల బ్రేకు ముక్కలు నూనెలో నానిపోయి ఉన్నాయి. రోడ్డు మీద కూరగాయల బండి తోసుకుపోతున్న ఆవిడ ఆగి, "ఏందమ్మా, మొగోడు కుర్చీల, నువ్వు కారు కిందనా?" అంది. మా ఆయన తల వంచుకుంటాడేమో అనుకున్నాను. "ఆమెకు నేర్పిస్తున్న," అన్నాడు, దర్జాగా.

లోపలి నాలుగు నట్లు విప్పినా యాక్సిల్ కడ్డీ బయటికి రాకుండా మొరాయించింది. డ్రమ్మును తిరగేసి, నట్లు నాలుగు చుట్లు మాత్రం ఎక్కించి, దాన్నే పట్టుకొని గుంజమన్నాడు. రెండుసార్లు గుంజాను. మూడోసారి కడ్డీ జారి వచ్చి, నేను వెల్లకిలా పడ్డాను. ఆయన కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, ఆగిపోయాడు. నేను నవ్వాను కాబట్టి ఆయన కూడా నవ్వాడు.

కడ్డీ మీద పాత బేరింగును ఒక ఉక్కు రింగు బిగించి పట్టుకొని ఉంటుంది. అది చేత్తో వచ్చేది కాదు. గ్రైండరుతో సగం లోతుకు కోసి, ఉలి పెట్టి కొడితే టప్పున చీలింది. తర్వాత బేరింగును కింద నుంచి కొట్టి కొట్టి ఊడదీశాను. దాని కింద నుంచి నాలుగు రంధ్రాలున్న ఒక పలచటి ఇనుప ప్లేటు వచ్చింది. దాన్ని డీజిల్‌తో కడిగి, తుడిచి, పేపరు మీద పెట్టాను.

కొత్త బేరింగు ఎక్కించడం నా వంటింటి పని. నిజంగానే వంటింటి పని. పాత కడాయిలో నూనె పోసి బేరింగును వేడి చేయాలట, వేడికి అది కొంచెం వ్యాకోచించి కడ్డీ మీదికి దిగుతుందట.

"పొగ రావద్దు. మరీ సల్లగుండద్దు," అన్నాడు.

"నూనె కాగిందో లేదో నాకు నేర్పుతవా?" అన్నాను. అది ప్రశ్న కాదు కాబట్టి షరతు తప్పినట్టు లెక్క కాదు. పక్క పొయ్యి మీద రింగు రంగు మారుతోంది. పూరీలు కాల్చినంత శ్రద్ధగా బేరింగును అటూ ఇటూ తిప్పాను.

బయట కడ్డీని నిలబెట్టి, వెడల్పు వైపు కిందికి ఉండేలా ఇసుక బకెట్లో దింపి పెట్టాను. అన్నీ పైనుంచి ఒకదాని మీద ఒకటి దిగాలి, చేతికి గాజులు వేసుకున్నట్టు. అన్నిటికంటే అడుగున ఏది ఉండాలో అది ముందు వేసుకోవాలి, తర్వాత వేస్తామంటే పైవన్నీ తీయాలి.

"బేరింగు తే. దబ్బున. నిలువుగ దించు."

పట్కారుతో పట్టుకొచ్చి దించాను. జారి కూర్చుంది.

"రింగు."

అప్పుడే నా కళ్లు పేపరు మీద పడ్డాయి. కడిగి పెట్టిన ఆ నాలుగు రంధ్రాల ప్లేటు అక్కడే ఉంది. ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టేదాన్ని నేను. కత్తిరించిన ముక్కల్లో ఒకటి చివరికి బల్ల మీద మిగిలిందంటే కుట్టినదానిలో తప్పుందని నాకు నిద్రలో కూడా తెలుసు. పాత బేరింగు కింద నుంచి వచ్చింది కదా ఇది, మరి కొత్త బేరింగు కింద ఎందుకు లేదు? నోటిదాకా వచ్చింది. ఆయన వైపు చూశాను. ఆయన చూపు కడ్డీ మీదే ఉంది.

అడగొద్దన్నాడు, అడగలేదు. రింగును పట్కారుతో తెచ్చి, బేరింగు మీద దించాను. చల్లారుతూ అది కడ్డీని బిగించి పట్టుకుంది. ఇక అది రావాలంటే మళ్లీ కోయవలసిందే.

సీలు మార్చాం. కడ్డీని ఇంట్లోకి నెట్టాను. ఇల్లు అంటే కడ్డీ లోపల తిరిగే గొట్టం, ఆయన అలాగే అంటాడు. "ఇగ ప్లేటు జరిపి నాలుగు నట్లు బిగియ్యి," అన్నాడు.

నేను కదలలేదు.

"ప్లేటు," అన్నాడు మళ్లీ. తర్వాత పేపరు వైపు చూశాడు.

బేరింగును గొట్టంలో ఆపి పట్టుకునేదే ఆ ప్లేటు. అది లేకుండా నడిపితే, పోతూ పోతూ ఉండగా చక్రం కడ్డీతో సహా బయటికి వచ్చేస్తుంది. ఆ సంగతి తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఆ ప్లేటునే చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు పెట్టుమనలే," అన్నాను మెల్లగా.

"అవు. నేను జెప్పలే." కర్ర అందుకొని లేచాడు. "యాదికి రాలే. ముప్పై ఏండ్ల సంది చేసిన పని యాదికి రాలే. తల గూడ పోయింది. ఇగ అయిపాయె."

లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కారును అలాగే వదిలేసి, చేతులు కడుక్కొని, అన్నం పెట్టుకొచ్చాను. తినలేదు. సాయంత్రం తినలేదు. శుక్రవారం పొద్దున రెండు గుక్కల టీ తాగి, "ఫోన్ జెయ్యి. రానని చెప్పు," అన్నాడు.

ఫోను తీసుకొని బయటికి వచ్చాను. నేను కోరుకున్నది ఇదే కదా. ఒక్క మాట చెప్తే ఆయన ఇక ఎక్కడికీ పోడు. కారు మూడు చక్రాల మీద, నాలుగో వైపు చెక్క దిమ్మ మీద నిలబడి ఉంది. నంబరు మీద వేలు పెట్టి నిలబడ్డాను. ఆయన ఇంట్లో ఉంటాడని సంతోషపడదామని చూస్తే, ఇంట్లో ఉండబోయేది గోడ వైపు తిరిగిన ఈ మనిషి అని అర్థమయింది. వెనక్కి వచ్చి, "ఎత్తుతలేడు," అని అబద్ధం చెప్పాను.

శుక్రవారం మధ్యాహ్నం కూడా కంచం అలాగే తిరిగి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. జాలి ఎంతసేపు పడతాం? కత్తిరించి ఉన్న ఒక జాకెట్టు ముక్కలు, గుండుసూదుల డబ్బా తెచ్చి మంచం మీద వేశాను.

"లే. నేను చెప్త, నువ్వు జెయ్యి."

"ఏంది గిది?"

"తల పోయిందంటివి గద. నా తల ఉన్నదో లేదో సూద్దాం. ఎడమ చెయ్యి సాలు దీనికి."

నా పోరు పడలేక లేచి కూర్చున్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. వేలాది జాకెట్లు కుట్టాను, జాకెట్టుకు చేయి ఎలా అతికించాలో చెప్పలేనా? భుజం కుట్టు ఎక్కడో చెప్పాను. చేయి ముక్క మధ్యలో మడిచి, ఆ మడతను భుజం కుట్టు దగ్గర పెట్టి సూది గుచ్చమన్నాను. అక్కడి నుంచి రెండు పక్కలా చంక దాకా. ఒక్క చేత్తో, మోకాలితో గుడ్డను అదిమి పట్టుకొని, నాలుక బయటపెట్టి ఆయన గుచ్చుకుంటూ వెళ్లాడు. రెండో చేయి కూడా పూర్తి చేసి నా ముందు పెట్టాడు.

రెండు చేతులూ తారుమారయ్యాయి. ముందు వైపు రావలసిన గుంత వెనక్కి పోయింది. అది కుట్టుకొని వేసుకుంటే మనిషి చేయి ముందుకు చాపలేదు.

"అట్ల గాదు," అన్నాను. "ముందు దిక్కు గుంత ఎక్కువుంటది. ఏది కుడి, ఏది ఎడమ సూసుకొని పెట్టాలె."

"నువ్వు జెప్పలే," అన్నాడు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నిజంగానే చెప్పలేదు. చెప్పాలని కూడా తట్టలేదు. కుడి ఎడమలు గుర్తుపట్టడానికి నేను సుద్దతో గీత కూడా పెట్టను. ముక్క చేతిలోకి తీసుకుంటే బొటనవేలికే తెలిసిపోతుంది. ఎవరికైనా నేర్పేటప్పుడు కూడా వాళ్ల చేతిలోంచి తీసుకొని తిప్పి ఇచ్చేదాన్నే గానీ, ఎందుకు తిప్పానో ఎప్పుడూ చెప్పలేదు.

"నాకు పక్షవాతం రాలే గద," అన్నాను. "మరి నేను ఎట్ల మర్సిపోయిన?"

ఆయన గుడ్డ ముక్కలను పక్కన పెట్టాడు. తర్వాత మాట్లాడడం మొదలుపెట్టి ఆగలేదు. తనకు పని నేర్పిన ఉస్తాదు నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పలేదట. అడిగితే స్పానరు విసిరేవాడట. చూసి నేర్చుకోవాలి, అంతే. ఆయన కూడా తన కింద పనిచేసినవాళ్లకు ఏమీ చెప్పలేదు, అడగనివ్వలేదు. వాళ్లూ చూసే నేర్చుకున్నారు.

"ప్లేటు పెట్టుమని నాతోని ఎవ్వరు అనలే. నేను ఎవ్వరితోని అనలే. చెయ్యే పెట్టుకుంటుండె," అన్నాడు. ఒళ్లో ఉన్న కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి చూసుకున్నాడు. "గీ చెయ్యికి తెలుసు. నోటికి ఎన్నడు తెల్వదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడవకుండా, అన్నం కలిపి తెచ్చాను. కంచం ఖాళీ చేశాడు.

ఆ సాయంత్రం గడప దగ్గర కుర్చీ వేసుకొని, కళ్లు మూసుకొని, పని మొత్తం గాలిలో చేశాడు. ఎడమ చేయి ముందు కదిలేది, మాట దాని వెనక వచ్చేది. నేను జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో, ఎవరిదో భుజం, ఎవరిదో నడుము కొలతల కింద, ఒక్కొక్కటీ రాశాను. మొదటిసారి చెప్పని సంగతులు ఇంకా మూడు బయటపడ్డాయి. సీలు అంచుకు గ్రీజు రాయాలి. బేరింగు చల్లారాక దాని గుండ్ల మధ్య గ్రీజు వేలితో నొక్కి నింపాలి. యాక్సిల్ గొట్టం పైన గాలి పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోయిందేమో చూడాలి. చూస్తే నిజంగానే మట్టి పట్టి మూసుకుపోయింది. లోపలి గాలి వేడెక్కి బయటికి పోయే దారి లేక సీలును తోసిందట. అది చూడకుండా బిగించి ఉంటే కొత్త సీలు కూడా ఆరు నెలల్లో కారేదట.

శనివారం ఆ రింగును మళ్లీ కోశాను. బేరింగు ఊడదీసేటప్పుడు దెబ్బ తింది, పనికి రాలేదు. కుడి చక్రానికి తెచ్చినదాన్ని ఎడమకు వాడాం. ఈసారి షరతు తిరగబడింది. ప్రతి అడుగుకూ నేను అడగాలి. అడగకపోతే ఆయన ఊరుకోడు.

"ఇది ఎందుకు?" అన్నాను, ప్లేటు చేతిలో పట్టుకొని.

"బేరింగును ఇంట్ల ఆపనీకి. ముందుగాల అదే."

"ఏ దిక్కు పైకి?"

ఆగాడు. కళ్లు మూసుకొని, గాలిలో ఎడమ చేత్తో తిప్పి చూసుకొని, "గుంత ఉన్న దిక్కు బేరింగుకు. మంచిగ అడిగినవ్, అది గూడ రాయి," అన్నాడు.

ప్లేటు దిగింది, దాని మీద బేరింగు దిగింది, దాని మీద రింగు. పేపరు మీద ఏమీ మిగల్లేదు. దుకాణానికి వెళ్లి ఇంకో బేరింగు, రింగు, నూనెలో నానినవాటికి బదులు కొత్త బ్రేకు ముక్కలు తెచ్చి, ఆదివారం కుడి చక్రం పని కూడా ముగించాం. కుడి వైపు చేసేటప్పుడు ఆయన పుస్తకం చూడలేదు, నేనూ చూడలేదు.

సోమవారం పొద్దున కారు తీశాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వెనక సీట్లో కూర్చున్నాడు. హబ్సిగూడ దాటి నాచారం రోడ్డు ఎక్కి, కొంచెం వేగం పెంచాను. రేడియో పెట్టలేదు. వెనక నుంచి ఏమైనా అంటాడేమోనని చెవులు అటే పెట్టాను. చక్రాల నుంచి ఏ చప్పుడూ లేదు. ఆయన నుంచీ లేదు.

షెడ్డు గేటు ముందు ఆపాను. ఆయన తలుపు మీద చేయి వేశాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది. వెనక్కి తిరగలేదు, అద్దంలోనే చూస్తూ చెప్పాను.

"ఆ ప్లేటు ఆ దినమే నాకు కనబడ్డది. నువ్వు అడగొద్దన్నవని ఊకున్న అన్నది సగమే నిజం. నువ్వు ఓడిపోతే ఇంట్లనే ఉంటవని అనుకున్న. రింగు చల్లగయ్యేదాక సూసుకుంట నిలబడ్డ."

తలుపు మీద ఆయన చేయి అలాగే ఉంది. అద్దంలో నాకు ఆయన సగం మొహమే కనిపిస్తోంది.

"ఫోను ఎత్తుతలేడన్నవు," అన్నాడు. "అది?"

"చెయ్యలే. అబద్ధం."

"ఎందుకు చెయ్యలే?"

"నువ్వు రెండు పూటలు తినలే."

ఆయన బయటికి చూశాడు. షెడ్డు లోపల ఎవరో ఇనుము మీద కొడుతున్నారు. "అయితే చెల్లుకు చెల్లు," అన్నాడు. తలుపు తీసి, కర్ర దించి, దిగాడు. రెండడుగులు వేసి, తిరిగి నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నాకు గూడ భయమే అయితుంది," అన్నాడు. "సాయంత్రం జర జల్దీ రా."

తల ఊపాను. ఆయన లోపలికి వెళ్లాడు. వెళ్లిపోదామని తాళం తిప్పబోయి ఆగాను. కొట్టే చప్పుడు ఆగింది. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత మా ఆయన గొంతు, మా గడప దగ్గర విన్న గొంతే, బయటిదాకా వచ్చింది.

"ముందుగాల ప్లేటు. తర్వాతనే బేరింగు."

"ఏ ప్లేటన్నా?" అని ఎవరో అడిగారు.

ఆయన విసుక్కోలేదు. ప్లేటు ఎలా ఉంటుందో, ఎన్ని రంధ్రాలుంటాయో, ఏ వైపు పైకి ఉండాలో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేదాకా విని, కారు తిప్పుకొని ఇంటికి వచ్చాను.